బూడిదమ్మకు నచ్చని మురికి

బురదను తూచి, కాల్చి, మళ్ళీ తూచడంలోనే ఒక మనిషి బతుకంతా గడిచిపోయిందంటే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. లోకంలో ఇంతకంటే వింత వృత్తులున్నాయి. రోజంతా టీ రుచి చూసి ఉమ్మేసి జీతం పుచ్చుకునేవాళ్ళున్నారు. గంటను ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి, 'దీనికి లోపల బీట ఉంది' అని తేల్చేవాళ్ళున్నారు. వాళ్ళ వరసలో కూర్చోబెడితే బూడిదమ్మే అందరిలోకీ మర్యాదస్తురాలు. కాకపోతే గోళ్ళ సందుల్లో కాస్త నలుపు ఉంటుంది.

ఆవిడకి అసలు పేరు వేరే ఉంది. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప అది ఆవిడకే గుర్తురాదు.

ఆవిడ పనిచేసే చోటు ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఒక పాత పరిశోధనశాల. సముద్రం తనకు తానే ఇసుక దిబ్బను అడ్డం పెట్టుకుంటే, ఆ వెనకాల మిగిలిన నీళ్ళే ఆ సరస్సు. ఒకవైపు నుంచి ఏటి నీళ్ళు వచ్చి చేరతాయి. ఇంకోవైపు దిబ్బకు గండిపడ్డ మొగలోంచి సముద్రపు పోటు నీళ్ళు తోసుకొస్తాయి. రెండూ ఎదురుపడి, కొత్త వియ్యంకుల్లా మొహమాటపడి నెమ్మదిస్తాయి. నెమ్మదించిన నీళ్ళు మోసుకొచ్చిన బరువంతా దించేస్తాయి. కుళ్ళిన ఆకులు, నీటిగడ్డి పోగులు, పాచి, చేపల పెంట, అన్నీ అడుగుకు చేరి బురదవుతాయి. వాటితోపాటు కర్బనమూ చేరుతుంది. గాలిలో తిరిగి లోకాన్ని వేడెక్కించాల్సిన కర్బనం కొంత ఇలా అడుగున పడి నిద్రపోతోందనీ, ఏటేటా ఎంత నిద్రపోతోందో లెక్క తీయాలనీ పరిశోధనశాలవాళ్ళ తాపత్రయం.

ఆ లెక్క బూడిదమ్మ గదిలోనే తేలుతుంది. పడవలో వచ్చిన బురదను ముందు సన్నసెగ మీద ఎండబెడుతుంది. రాతి కల్వంలో నూరి, జల్లించి, చిటికెడంత చిన్న పింగాణీ మూసలో వేసి తూస్తుంది. మూసను కొలిమిలో పెట్టి ఎర్రగా కాలుస్తుంది. చల్లారాక మళ్ళీ తూస్తుంది. ఎంత బరువు తగ్గిందో అంతా ఒకప్పుడు ప్రాణమున్నదే; ఆకో, గడ్డో, పాచో. అందులోంచి కర్బనం ఎంతన్నది ఇప్పటి ఆఫీసరు డాక్టరమ్మ లెక్క కట్టుకుంటుంది. అంతా చివరికి బూడిదేనని పూర్వం నుంచీ వేదాంతులు చెబుతూనే ఉన్నారు గాని, వాళ్ళలో ఒక్కరూ బూడిదను తూచి చూసిన పాపాన పోలేదు. బూడిదమ్మ తూచింది. అంతా బూడిద కాదు. కొంత పైకి పోతుంది. ఆ పోయిందే అసలు సంగతి.

ఇక ఆ బురద తెచ్చేది ఎవరయ్యా అంటే, ఆవిడ మొగుడే. పరిశోధనశాల పడవకు సరంగు. ఆయన్నీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆయన తెస్తాడు, ఆవిడ కాలుస్తుంది. "మీ ఇంట్లో వంట కూడా ఇలాగేనా?" అని ఆఫీసువాళ్ళు ఏడిపిస్తుంటారు. "వంట ఆయనే చేస్తాడు. నేను వండితే తూకానికి తప్ప తినడానికి పనికిరాదు" అంటుంది ఆవిడ.

వాళ్ళిద్దరి మధ్య జరిగిన మొదటి సంభాషణ ఒక తిట్టు. అప్పటికింకా పెళ్ళి మాట లేదు. ఆవిడ ఆ గదిలో కొత్తగా చేరింది. తెల్లటి గచ్చు, అద్దాల బీరువా, తళతళలాడే త్రాసు. తన పుట్టింట్లో ఎన్నడూ తనకంటూ లేని ఒక గది దొరికిందని పొద్దున్నే వచ్చి తుడుచుకునేది. అంతలో ఈయన తడికాళ్ళతో వచ్చి, నల్లనీళ్ళు కారుతున్న డబ్బాలు గచ్చు మీద దించాడు. ఆవిడ అందుకున్న అందుకోవడం ఇంతా అంతా కాదు. అప్పటి పెద్దాఫీసరు సైతం ఏమిటా గొడవని బయటికొచ్చి, పరిస్థితి చూసి, తనకు సంబంధం లేనట్టు మళ్ళీ లోపలికి పోయాడు. ఆ తరవాతి విడత నుంచి డబ్బాలు కడిగిన ముత్యాల్లా రావడం మొదలుపెట్టాయి. అంచున మరక లేదు, పైన చుక్క నీరు లేదు. మగవాణ్ణి ఒక్క మాటతో దారిలో పెట్టానని ఆవిడ చాలాకాలం చెప్పుకుంది. కొన్నాళ్ళకి ఆయన్నే పెళ్ళి చేసుకుంది. మిగతావాళ్ళు పువ్వులు పట్టుకొస్తారు, మా ఆయన శుభ్రమైన బురద పట్టుకొచ్చాడని ఇప్పటికీ నవ్వుతుంది.

ఇలా ఏళ్ళు దొర్లిపోయాయి. ఆఫీసర్లు మారారు. ఇప్పుడున్నది డాక్టరమ్మ. జ్వరమొస్తే మాత్ర రాయడం చేతకాని డాక్టరు; ఆవిడ చదివిందంతా బురద చదువే. ఇద్దరినీ పిన్నీ, బాబాయ్ అని పిలుస్తుంది.

మొన్నామధ్య సరంగుకు కంటి ఆపరేషన్ అయింది. ఆయన ఇంటిపట్టున ఉన్నన్నాళ్ళూ సొంత పడవున్న మేనల్లుడు వచ్చి పని చూసిపెట్టాడు. వాడికి తొందర ఎక్కువ. డబ్బాలు తెచ్చి గదిలో ధన్‌మని పడేసి, "అత్తయ్యా, పోటు తగ్గిపోతోంది, వెళ్ళాలి!" అని గుమ్మంలోంచే పరుగు. గచ్చంతా నల్లనీళ్ళు. "మీ మావయ్య కాళ్ళు కడిగిన నీళ్ళు తాగరా, బుద్ధొస్తుంది" అని తిట్టుకుంటూ ఆవిడ తుడుచుకునేది. కన్ను నయమై సరంగు మళ్ళీ పడవెక్కాక గచ్చు తెల్లబడింది, ఆవిడ ప్రాణం కుదుటపడింది.

అప్పుడే వచ్చింది చిక్కు.

"పిన్నీ, ఒకసారి ఇలా రండి" అంది డాక్టరమ్మ, కంప్యూటర్ ముందు కూర్చుని. తెరమీద ఒక గీత చదునుగా సాగి, ఒకచోట గూనిలా లేచి, మళ్ళీ చదునైంది. "ఈ గూనంతా మీ మేనల్లుడు తెచ్చిన బురద. అటూ ఇటూ ఉన్నది బాబాయ్ తెచ్చింది. చోటు అదే, బురద తీసే గొట్టం అదే. వాడు తెస్తే కర్బనం ఎక్కువ, ఈయన తెస్తే తక్కువ."

"సరస్సుకి కూడా ఎదుటిమనిషిని బట్టి పెట్టుబుద్ధి మారుతుందా ఏమిటమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "బాబాయ్‌కి ఆపరేషన్‌కి ముందూ చూపు సరిగ్గా లేదు, ఇప్పుడూ పూర్తిగా కుదిరినట్టు లేదు. చెయ్యీ కాస్త వణుకుతోంది. గొట్టం నిటారుగా దిగటం లేదేమో అని నా అనుమానం. వచ్చే విడత నుంచి ఆయన్ని ఒడ్డున కూర్చోబెట్టి, డబ్బాలు సర్దే పని ఇద్దామనుకుంటున్నాను. పడవ మేనల్లుడికి ఇద్దాం. ఆయనకి మీరే నెమ్మదిగా చెప్పండి."

ఆయన్ని ఒడ్డున కూర్చోబెట్టడమంటే చేపను బీరువాలో పెట్టడమేనని బూడిదమ్మకు తెలుసు. కన్ను కట్టుకుని ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన కిటికీ దగ్గర కూర్చుని, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో గంటకోసారి ఆవిడకి చెప్పేవాడు. ఆవిడ అడక్కపోయినా చెప్పేవాడు.

"కాదమ్మా," అంది గబుక్కున, "తప్పు ఆయనది కాదు. నా కొలిమిది. ఈమధ్య దాని వేడి నిలకడగా ఉండటం లేదు."

"కొలిమిదే అయితే ఇద్దరి బురదా ఒకేలా కాలాలిగా పిన్నీ?"

"అయితే నాదే. ఆయన డబ్బాలకి తక్కువ మంట పెట్టానేమో."

"మొగుడి మీద అంత కక్షా!" అంది డాక్టరమ్మ. తరవాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాకూ కష్టంగానే ఉంది" అంది.

బూడిదమ్మ తెరమీది గూనిని వేలితో చూపించింది. "ఒక్క విడత ఆగండి. నేను పడవలో వెళ్ళి చూసొస్తాను."

"మీరా? పడవలోనా?"

డాక్టరమ్మ ఆశ్చర్యంలో తప్పులేదు. ఆ సరస్సు అడుగునంతా దఫదఫాలుగా కల్వంలో వేసి నూరిన ఆ మనిషి ఎన్నడూ దాని మీద పడవెక్కలేదు. రేవులో చెక్క మీద నిలబడితేనే కళ్ళు తిరిగే ఒళ్ళు. సరస్సే నా గదికి వస్తుంటే నేను దాని దగ్గరికి పోవడమెందుకు అని దబాయించేది.

ఇంటికెళ్ళి సంగతి సగమే చెప్పింది. "రేపు నీతో పడవలో వస్తున్నా."

సరంగు గరిట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏమే, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. రాకూడదా?"

"రాకూడదని ఎవరన్నారు? పెళ్ళైన కొత్తలో బతిమాలాను, రాలేదు. చంటాడు పుట్టాక బతిమాలాను, రాలేదు. ఇక నువ్వు రావని తెలిసి పడవలో ఆ పక్క నా వలల బుట్ట పెట్టేసుకున్నాను."

"బుట్ట తీసెయ్."

తీసేశాడు. తెల్లారేసరికి పడవ కడిగి ఉంది. వలల బుట్ట ఉండే చోట ఇంట్లోంచి పట్టుకెళ్ళిన దిండు ఉంది. రేవులో జనం చూసి, "సరంగూ, ఎవరన్నా మంత్రిగారొస్తున్నారా?" అని కేకేస్తే, "అంతకన్నా పెద్దవాళ్ళు" అన్నాడు ఆయన.

పడవ రేవు వదిలేదాకా ఆవిడ కళ్ళు తెరవలేదు. తెరిచాక మూయబుద్ధి కాలేదు. గదిలోకి డబ్బాల్లో వచ్చే సరస్సు ఇంత వెడల్పుగా ఉంటుందని ఎవరన్నా ముందే చెప్పి ఉండాల్సింది. పచ్చటి నీళ్ళ కింద నీటిగడ్డి ఒకేవైపు దువ్విన జుట్టులా పడుకుని ఉంది. దూరంగా ఇసుక దిబ్బ, దాని అవతల సముద్రం చేసే చప్పుడు. డబ్బాల మీది గుర్తులు ఆవిడకి కంఠతా వచ్చు. ఇప్పుడు సరంగు ఒక్కోచోటు చూపించి చెబుతుంటే, ఎన్నాళ్ళుగానో ఉత్తరాల్లో తెలిసిన చుట్టాల్ని మొదటిసారి కలుసుకున్నట్టుంది. "ఓహో, నాలుగో డబ్బా ఇదేనా! ఎప్పుడూ గవ్వ ముక్కలే. నా కల్వం అరగదీసింది." ఆయన నవ్వాడు.

నీటిగడ్డి ఒత్తుగా ఉన్నచోట ఆయన పడవ ఆపి, లోపలిది కనపడే పొడవాటి గాజులాంటి గొట్టాన్ని నీళ్ళలోకి దించాడు. ఆవిడ ఆయన చేతుల్నే చూసింది. వణకలేదు. గొట్టం దీపస్తంభంలా నిటారుగా దిగింది. అడుగు తగలగానే రెండు చేతులా మెత్తగా నొక్కి, పైన బిరడా బిగించి, పసిబిడ్డను నీళ్ళలోంచి ఎత్తినంత భద్రంగా పైకి తీశాడు. ఇందులో తప్పెక్కడుంది?

గొట్టంలో పైన నీళ్ళు. అడుగున బూడిదరంగు బురద, గట్టిగా, నున్నగా. ఆ రెండింటి మధ్య, పాలమీద మీగడలా, గోధుమరంగు పొర ఒకటి మెత్తగా ఊగుతోంది. అలాంటి పొరను మేనల్లుడి డబ్బాల్లో తప్ప ఆవిడెప్పుడూ చూసిన గుర్తు లేదు.

సరంగు గొట్టాన్ని పక్కకి వంచాడు. నీళ్ళు పోయాయి. ఇంకాస్త వంచాడు. ఆ గోధుమరంగు పొర జారి, సరస్సులో మబ్బులా విచ్చుకుని, కరిగిపోయింది. మిగిలిన శుభ్రమైన బురద మీదినుంచి వేలి మందాన కోసి, డబ్బాలో పెట్టి, అంచు గుడ్డతో తుడిచి, మెచ్చుకోలు కోసం భార్యవైపు చూశాడు.

"అదేమిటయ్యా, అది పారబోశావు?"

"ఏది? ఆ పైదా? అది మురికే."

"మురికని ఎవరు చెప్పారు?"

ఆయన వింతగా చూశాడు. "నువ్వే చెప్పావు."

"నేనా?"

"మొదటిరోజు. మర్చిపోయావా? 'పైన ఆ తెట్టేమిటి, ఆ కంపేమిటి, బురద తెమ్మంటే మురికి తెస్తావా, కాస్త శుభ్రంగా తెస్తే నీ సొమ్మేం పోయింది' అన్నావు. ఆ తరవాత ఎప్పుడన్నా తెచ్చానా?" ఆయన గొంతులో గర్వం ఉంది. "ఆ వెధవకీ చెప్పాను, పైది తీసెయ్యరా, అత్తయ్యకి నచ్చదని. వాడికి ఓపికేదీ?"

బూడిదమ్మ దిండు పట్టుకుని కూర్చుండిపోయింది. నీటిగడ్డి రాల్చిన ఆకు, నిన్నటి పాచి, కర్బనమంతా దండిగా ఉండేది ఆ పైపొరలోనే కదా. కావలసిందే అది. తన గచ్చు పాడవకూడదని ఈ మనిషి ఇన్నేళ్ళూ సరస్సు మీగడంతా తీసి సరస్సులోనే పోసేశాడు. తొందరగాడు తన తొందరవల్ల సరిగ్గా చేశాడు. శ్రద్ధగలవాడు శ్రద్ధవల్ల తప్పు చేశాడు. ఆ శ్రద్ధకి మూలం చూస్తే తన నోరు.

"కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు సరంగు కంగారుగా. "వెనక్కి తిప్పెయ్యనా?"

"తిప్పకు." అప్పుడు అంతా చెప్పింది. తెరమీది గూని, డాక్టరమ్మ అనుమానం, ఒడ్డున డబ్బాలు సర్దే పని.

ఆయన తెడ్డు నీళ్ళలోంచి పైకెత్తాడు. తెడ్డు చివరనుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. "ఇన్నేళ్ళదీ తప్పేనా?" అన్నాడు సరంగు.

"ఇవాళ్టి నుంచి పారబొయ్యకు, అంతే. కర్బనం పెరుగుతుంది. నీ కన్ను బాగుపడిందనుకుంటారు. పడవ నీకే ఉంటుంది. మనం నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" ఆ మాట అంటుంటే ఆవిడకే నోరు చేదెక్కింది. నిన్న లేని మీగడ ఇవాళ పుట్టుకొచ్చిందని డాక్టరమ్మ నమ్ముతుంది. సరస్సు బాగుపడిందని ఊరంతా చెబుతుంది. తను రోజూ ఆ త్రాసు ముందు కూర్చోవాలి.

సరంగు తలూపాడు, ఔననీ కాదనీ కాకుండా. "నువ్వు చెప్పకుండా ఉండలేవే. నాలుగు రోజులకే నీకు జబ్బు చేస్తుంది. చెప్పెయ్. ఒడ్డున కూర్చోమంటే కూర్చుంటాను." ఆ మాట అంటూ ఆయన చూసింది మాత్రం ఇసుక దిబ్బ వైపు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. సరంగు గుమ్మం బయట పట్టా మీద కాళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడిచిన కాళ్ళే మళ్ళీ తుడుస్తున్నాడు.

డాక్టరమ్మ విన్నంతసేపూ కలం తిప్పుతూ ఉండి, చివరికి దాన్ని కింద పెట్టేసింది. మొహంలో రక్తం లేదు. ఆవిడకన్నా ముందు పనిచేసిన వాళ్ళందరి చదువూ ఆ డబ్బాల మీదే నడిచింది మరి. "బాబాయ్, లోపలికి రండి" అంది. "పైపొర ఎప్పుడూ పారబోస్తారా?"

"ఎప్పుడూ."

"ఎంత? ఒకసారి కాస్త, ఒకసారి అంతా… అలాగా?"

సరంగుకి రోషం పొడుచుకొచ్చింది. "అదేం మాటమ్మా! పనికి ఒక పద్ధతంటూ ఉండొద్దూ? బురద నున్నగా కనపడేదాకా వంచుతాను. అంతకు మించి చుక్క పోనివ్వను, ఆ నునుపు మీద చుక్క ఉండనివ్వను. మొదటిరోజు ఎంతో నిన్నా అంతే."

డాక్టరమ్మ లేచి, ఒక గాజు గొట్టంలో బురదా నీళ్ళూ పోసి తేరనిచ్చి, ఆయన చేతికిచ్చింది. ఆయన వంచాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ వంచాడు. ఎన్నిసార్లు ఇచ్చినా ఆయన ఆపేది ఒకే గీత దగ్గర. ఆవిడ మొహంలోకి రంగు కొద్దికొద్దిగా తిరిగొచ్చింది.

"పిన్నీ, ఈయన తప్పు కూడా తూకమేసినట్టు చేశారు," అంది. "ప్రతి చోటా రెండు డబ్బాలు తీద్దాం. ఒకటి పైపొరతో, ఒకటి బాబాయ్ పాత పద్ధతిలో. రెంటికీ తేడా ఎంతో తెలిస్తే, పాత లెక్కల్లో ఎంత తగ్గిందో అంచనా కట్టొచ్చు. పూర్తిగా కాకపోయినా చాలావరకు. కానీ ఆ తప్పు అచ్చం అలాగే చెయ్యాలి. ఇంకెవరి చేతా కాదు."

"మా మేనల్లుడు…" అన్నాడు సరంగు, ధర్మం కోసం.

"వాడా? వాడు తప్పు కూడా సరిగ్గా చెయ్యలేడు," అంది బూడిదమ్మ. ముగ్గురూ నవ్వారు. సరంగు నవ్వుతూనే కొత్త కన్ను తుడుచుకున్నాడు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ అది ఊరికే నీరు కారుతోందని చెప్పాడు.

ఆ తరవాత పడవ వెళ్ళిన ప్రతిసారీ డబ్బాలు జంటలుగా వచ్చాయి. ఒకటి కడిగిన ముత్యం, ఒకటి నల్లనీళ్ళు కార్చే పిశాచం. పడవలో దిండు తీయలేదు. ఆవిడ అప్పుడప్పుడు వెళుతుంది, కళ్ళు తిరిగినా.

మొదటి జంటను కొలిమిలోంచి తీసి తూచిన రోజున సరంగు గుమ్మంలో పట్టా మీద నిలబడి అడిగాడు. "తేడా చాలా ఉందా?"

"ఉంది."

"చాలానా?"

"చాలా." ఆయన మొహం వాడిపోవడం చూసి, "ఏం, ఎవరికోసం పారబోశావు? పరాయిదానికా?" అని గదమాయించింది. "ఆ మూలన తుడుపుగుడ్డ ఉంది, అందుకో. నీళ్ళు కారుతున్నాయి."

ఆయన తుడుస్తుంటే ఆవిడ మరుసటి జంట డబ్బాలు దగ్గరికి లాక్కుంది. మురికి డబ్బా అంచు ఎక్కడా మరక లేకుండా తళతళలాడుతోంది.

"ఏమయ్యా, దీని అంచెందుకు తుడిచావు?"

"అంచే కదా."

"లోపల ముట్టుకోలేదుగా?"

"నీమీద ఒట్టు."

ఆవిడ నమ్మలేదు. మూత తీసి చూసింది. గోధుమరంగు పొర, ఎక్కడా చెదరకుండా, ఆవిడ ఊపిరికి మెల్లగా ఊగింది.